డౌన్‌టౌన్ కన్వెన్షన్ హోటల్ ప్లాన్ చేతికొస్తే ఏం చూడాలి, ఎలా చూడాలి

అమెరికా నగరాల్లో కన్వెన్షన్ సెంటర్ పక్కన కొత్త హోటల్ కడతామని ప్రతిపాదన వచ్చినప్పుడు, అన్నిటికన్నా ముందు జనం చూసేది బొమ్మ. దాన్ని పక్కన పెట్టి మూడు కాగితాలు అడగండి: డిమాండ్ అధ్యయనం, అంతస్తుల ప్లాన్లు, రూమ్ బ్లాక్ ఒప్పందం (సదస్సుల కోసం గదులు ముందే పక్కన పెడతామన్న ఒప్పందం) ముసాయిదా. కౌన్సిల్‌లో ఉన్నవాళ్లయినా, సలహా కమిటీలో ఉన్నవాళ్లయినా, పన్ను కట్టే ఊరివాళ్లయినా అడగాల్సినవి ఇవే.

మూడిట్లో ముఖ్యమైనది చివరిదే. నగరం తన డబ్బో, భూమో, పన్నుల రాబడో పెట్టి హోటల్ కట్టించేది ఒకే కారణానికి. మూడేళ్ల తర్వాత రాబోయే పెద్ద సదస్సుకి "ఆ నాలుగు రాత్రులూ ఇన్ని గదులు మీవే" అని ఇవాళ చేతిలో పెట్టి చెప్పగలగాలి. ఆ హామీ కాగితం మీద లేకపోతే అది ఊళ్లో ఇంకో హోటల్, అంతే. గదుల సంఖ్య, బాల్‌రూమ్ (సభలూ విందులూ జరిగే పెద్ద హాలు) సైజు, అప్పు అన్నీ ఆ హామీ నుంచి వెనక్కి లెక్కగట్టి తేలాలి.

ఎన్ని గదులు: పీక్ నైట్ నుంచి మొదలుపెట్టండి

సదస్సు నడిచే రోజుల్లో ఎక్కువ గదులు నిండే రాత్రిని పీక్ నైట్ అంటారు. పర్యాటక బ్యూరో దగ్గర రెండు జాబితాలు ఉంటాయి: వచ్చిన సదస్సులు, రాకుండా పోయినవి. రెండోదాంట్లో ఎందుకు రాలేదో కూడా రాసి ఉంటుంది. "గదులు చాలక" అని రాసినవి, "తేదీలు కుదరక", "విమానాలు తక్కువ", "ఖర్చు ఎక్కువ" అని రాసినవి వేర్వేరుగా తీయండి. హోటల్ కడితే తీరేది మొదటి కారణం ఒక్కటే. అధ్యయనాల్లో తరచూ జరిగే తప్పు ఇక్కడే: పోయిన వ్యాపారమంతా కలిపి కొత్త హోటల్ ఖాతాలో వేసేస్తారు.

తర్వాత ఒక్కో సదస్సుకీ మూడు అంకెలు రాసుకోండి: అడిగిన గదులు, నిజంగా వాడిన గదులు, ఎన్ని హోటళ్లలో సర్దుకున్నారు. అడిగినదానికీ వాడినదానికీ తేడా ఎప్పుడూ ఉంటుంది. వెయ్యి గదులు అడిగి ఎనిమిది వందలు వాడటం మామూలే, అందుకే గ్రూపుల ఒప్పందాల్లో అడిగినదాంట్లో 80 శాతం వాడినా జరిమానా ఉండదన్న షరతు పెడతారు. అధ్యయనం అడిగిన అంకె మీద నడుస్తోందా, వాడిన అంకె మీదా అన్నది చూసుకోండి. మొదటిదైతే గదుల అవసరం మొదటి పేజీలోనే ఉబ్బిపోయినట్టు.

నిర్వాహకులకి కావలసింది ఎక్కువ గదులే కాదు, ఒకేచోట ఎక్కువ గదులు. 1,500 మంది సదస్సుని ఏడు హోటళ్లలో పరిచి షటిల్ బస్సులు నడపడం ఎవరికీ ఇష్టముండదు. పీక్ నైట్‌లో సగం గదులైనా సెంటర్‌కి ఆనుకున్న ఒక్క హోటల్లో దొరికితే మిగతాది నడిచి వెళ్లే దూరంలో సర్దుకుంటారు. మీ జాబితాలో మధ్య స్థాయి సదస్సుల పీక్ 1,200 దగ్గర ఉంటే, 500–600 గదుల బ్లాక్ ఇవ్వగల హోటల్ చాలు. పోర్ట్‌లాండ్‌లో 2019 చివర తెరిచిన హయత్ రీజెన్సీకి 600 గదులు, బ్లాక్ ఒప్పందం 500కి. హ్యూస్టన్‌లో 2003లో తెరిచిన హిల్టన్ అమెరికాస్‌కి 1,200. పక్క ఊరికి వెయ్యి ఉన్నాయి కాబట్టి మనకీ వెయ్యి కావాలన్న వాదన ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. దానికి జవాబు మీ జాబితాలో ఉంది, పక్క ఊళ్లో లేదు.

ఇంకొకటి గుర్తుంచుకోండి. ఏడాదికి 365 రాత్రులు, పెద్ద సదస్సులు నడిచేవి వాటిలో కొన్నే. మిగతా రాత్రుల్లో ఈ హోటల్ ఊళ్లో ఉన్న హోటళ్లతోనే పోటీ పడుతుంది. వాటి దగ్గర్నుంచి లాగేసుకునే రూమ్ నైట్లని (ఒక గది ఒక రాత్రి అమ్ముడైతే ఒక రూమ్ నైట్) "కొత్త సందర్శకులు" అని లెక్కేయకూడదు. ఈ రెండిటినీ వేరుచేసి పట్టిక ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

గది, అంతస్తు, లిఫ్టు

మామూలు గది 13 అడుగుల వెడల్పు, 28 అడుగుల దాకా లోతు, నడవాకి రెండు వైపులా గదులు. ఇది అందరికీ తెలిసిన కొలత, ఎక్కువసేపు ఆగక్కర్లేదు. కాని అంతస్తుకి ఎన్ని గదులు అన్నది అడగండి. ఒక హౌస్‌కీపర్ ఒక షిఫ్టులో శుభ్రం చేసేది సుమారు 14–16 గదులు. అంతస్తుకి 30 వస్తే ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది. 21 వస్తే ఒకరికి ఎక్కువ, ఇద్దరికి తక్కువ. ట్రాలీ పట్టుకుని సర్వీస్ లిఫ్టు కోసం నిలబడే సమయం రోజూ జీతంలో పోతూనే ఉంటుంది.

వికలాంగుల కోసం ఉండాల్సిన గదులు ముందే గీసి ఉండాలి, చివర్లో అతికించేవి కావు. అమెరికా వికలాంగుల హక్కుల చట్టం (ఏడీఏ) ప్రమాణాల ప్రకారం 800 గదుల హోటల్‌కి కదలికకి అనువైనవి కనీసం 24 ఉండాలి. వాటిలో 8 గదుల్లో చక్రాల కుర్చీతో నేరుగా లోపలికి వెళ్లగలిగే షవర్ ఉండాలి. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం వెలుగుతో హెచ్చరించే ఏర్పాట్లున్న గదులు 40. ఇవన్నీ కింది అంతస్తుల్లో మూలకి తోసేయడం కుదరదు, రకరకాల గదుల్లో పరచాలి.

లిఫ్టులకి 80–100 గదులకి ఒకటి చొప్పున అతిథులకి, అందులో సగం సంఖ్య సర్వీసుకి అన్నది మోటు లెక్క. కన్వెన్షన్ హోటల్‌కి దీని మీద కాస్త ఎక్కువే పెట్టాలి. మామూలు హోటల్లో జనం ఉదయమంతా విడివిడిగా దిగుతారు. సదస్సు ఉదయం 8:30కి మొదలైతే ఆరు వందల మంది ఇరవై నిమిషాల్లో దిగుతారు. లిఫ్టుల అధ్యయనంలో ఈ పరిస్థితిని విడిగా లెక్కేశారో లేదో చూడండి.

బాల్‌రూమ్: అసలు హోటల్ ఇక్కడ ఉంది

ముందు చోటు. బాల్‌రూమ్‌లో స్తంభాలు ఉండకూడదు, టవర్ నిండా స్తంభాలే. టవర్‌ని బాల్‌రూమ్ నెత్తిన పెడితే పైనుంచి దిగే బరువంతా మధ్యలో భారీ ట్రస్‌ల (దూలాల చట్రాల) మీద మోసి పక్కలకి మళ్లించాలి. ఖర్చు తడిసి మోపెడవుతుంది, షెడ్యూలూ సాగుతుంది. స్థలం ఉంటే టవర్ ఒక పక్క, పోడియం (బాల్‌రూమ్ ఉండే తక్కువ ఎత్తు భాగం) ఒక పక్క ఉండాలి. స్థలం ఇరుకైతే, ఆ ట్రస్‌ల ఖర్చుని విడి పంక్తిగా చూపించమనండి. దాన్ని "స్ట్రక్చర్" అన్న మొత్తంలో కలిపేస్తే తక్కువ ధర స్థలం నిజంగా తక్కువ ధరో కాదో ఎప్పటికీ తెలియదు.

సైజు సంగతి. భోజనానికి గుండ్రటి బల్లలు వేస్తే మనిషికి 12–13 చదరపు అడుగులు కావాలి. 20,000 చదరపు అడుగుల బాల్‌రూమ్‌లో 1,500 మంది అని బ్రోషర్‌లో రాస్తారు. వేదిక, తెర వెనక ప్రొజెక్టర్‌కి 15–20 అడుగులు, ఆడియో బల్ల తీసేశాక 1,200 దగ్గర ఆగుతుంది. అత్యవసర ద్వారాలు మాత్రం ఉత్త కుర్చీల లెక్కన చూడాలి. అమెరికాలో ఎక్కువ చోట్ల అమలయ్యే భవన కోడ్‌లో కుర్చీలు మాత్రమే వేసినచోట మనిషికి 7 చదరపు అడుగులు, బల్లలూ కుర్చీలూ ఉంటే 15. అంటే అదే హాలు మొదటి లెక్కన 2,850 మందికి పైగా. వెయ్యి దాటితే కనీసం నాలుగు దారులు, వాటి వెడల్పూ ఆ సంఖ్యకి తగ్గట్టు. భోజనం లెక్కతో ద్వారాలు గీస్తే తర్వాత ఆ హాలుని పూర్తి సభకి అనుమతించరు.

హాలుని మూడు నాలుగు ముక్కలు చేసే జరిపే గోడలు దగ్గరికెళ్లి చూడాల్సినవి. గోడ ఎంత మందమైనా, పైన ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోతే శబ్దం సీలింగ్ మీదుగా పక్క గదిలోకి దూకుతుంది. ఒక పక్క సంతాప సభ, ఇంకో పక్క అమ్మకాల సంబరం ఉన్నప్పుడు ఇది తెలుస్తుంది, అప్పటికి సరిచేయడం చాలా ఖరీదు. ప్లాన్‌లో సెక్షన్ బొమ్మ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపేది) తీసి చూడండి: గోడ నడిచే పట్టాల పైనుంచి కాంక్రీటు స్లాబ్ అడుగు దాకా శబ్దం ఆపే అడ్డు ఉందా? గాలి గొట్టం దాన్ని చీల్చుకుని రెండు ముక్కల్లోకీ వెళ్తోందా? ఆ గొట్టమే శబ్దానికి తూము.

ఇక వంటగది. 1,200 మందికి భోజనం వడ్డించాలి. వేడి పెట్టె బండి ఒకదానిలో 96 ప్లేట్లు పడతాయనుకుంటే 13 బండ్లు కావాలి. వంటగది బాల్‌రూమ్ ఉన్న అంతస్తులోనే ఉండి, మధ్యలో 8–10 అడుగుల సర్వీస్ నడవా ఉంటే బండ్లన్నీ ముందే వచ్చి గోడ వెంట వరసగా నిలబడతాయి, తలుపులు తెరవగానే అన్నీ ఒకేసారి లోపలికి. వంటగది కింది అంతస్తులో ఉంటే? రెండు సర్వీస్ లిఫ్టులు, ఒక్కోదానిలో రెండు బండ్లు, ఎక్కించి దించి వెనక్కి రావడానికి నాలుగు నిమిషాలు. నాలుగు విడతలు, 16 నిమిషాలు. ఒక లిఫ్టు ఆగిపోతే ఏడు విడతలు, దాదాపు అరగంట. ముందు బల్లల వాళ్లు తిని లేచే వేళకి చివరి బల్లలకి ఇంకా ప్లేట్లు రావు. అందుకే ప్లాన్ మీద పెన్సిల్‌తో బండి దారి గీసి చూడండి. ఆ గీత అతిథుల నడవాని ఎక్కడైనా దాటిందంటే డిజైనర్లని ప్లాన్ మళ్లీ గీయమనాలి.

లోడింగ్ డాక్ (లారీల నుంచి సరుకు దింపే చోటు) కూడా ఇదే పెన్సిల్‌తో. సదస్సుల సామాను 53 అడుగుల ట్రైలర్లలో వస్తుంది. డాక్ తలుపు దగ్గర 14 అడుగుల ఎత్తు ఖాళీ ఉండాలి, బండి వీధిలో అడ్డంగా నిలబడకుండా వెనక్కి తిరిగే చోటుండాలి. హోటల్ చెత్త, వంటగది సరుకు, సదస్సు సామాను మూడూ ఒక్క డాక్ మీద పడితే సదస్సు దింపుకునే రోజు కూరగాయల బండి వీధిలో నిలబడుతుంది. సెంటర్‌కి వంతెన నడవా కడుతుంటే, దాని అంతస్తూ సెంటర్ అంతస్తూ ఒకే ఎత్తులో కలుస్తున్నాయా, ఏటవాలు ఎంత, నిర్వహణ ఖర్చు ఎవరిది అన్నవి ఇప్పుడే రాయించుకోండి.

డబ్బు: ఒక లెక్క చేసి చూద్దాం

అంకెలు నమూనాకి మాత్రమే, మీ ఊరివి వేసుకోండి. 800 గదులు, ఏడాదికి 2,92,000 రూమ్ నైట్లు. 70 శాతం నిండితే 2,04,400. సగటు ధర 220 డాలర్లయితే గదుల రాబడి సుమారు 4.5 కోట్ల డాలర్లు. కన్వెన్షన్ హోటల్లో భోజనాల వాటా పెద్దది కాబట్టి గదులు మొత్తం రాబడిలో 62 శాతం అనుకుందాం. మొత్తం 7.25 కోట్లు. ఖర్చులు, నిర్వహణ రుసుము, సామాను మార్చడానికి పక్కన పెట్టే 4 శాతం పోగా పావు వంతు మిగిలితే 1.81 కోట్లు.

అప్పిచ్చేవాళ్లు ఈ మిగులు వాయిదాకి 1.4 రెట్లు ఉండాలంటే ఏటా కట్టగలిగేది 1.29 కోట్లు. 5 శాతం వడ్డీకి 30 ఏళ్లలో ఆ వాయిదా మోయగల అప్పు సుమారు 20 కోట్లు. గదికి 4.5 లక్షల చొప్పున కట్టడానికి అయ్యేది 36 కోట్లు. మధ్యలో 16 కోట్ల గండి. ప్రతిపాదనలో ఎక్కడ వెతికినా మీకు కావలసిన అంకె ఇదే: ఈ గండిని ఎవరు పూడుస్తున్నారు? డెవలపర్ సొంత పెట్టుబడా, ఉచిత భూమా, హోటల్ పన్ను వాపసా, పెరగబోయే ఆస్తిపన్నుని ముందే తాకట్టు పెట్టడమా? ఒక్కోదాన్నీ ఇవాళ్టి విలువలోకి మార్చి ఒకే పట్టికలో పెట్టించండి. విడివిడిగా ఐదు చోట్ల ఉంటే ఏదీ పెద్దగా కనిపించదు.

ఇప్పుడు అదే లెక్క చెడ్డ ఏడాదికి. 62 శాతం నిండుదల, 205 డాలర్లు. గదుల రాబడి 3.71 కోట్లు, మొత్తం దాదాపు 6 కోట్లు. జీతాలు, కరెంటు, బీమా రాబడితో పాటు తగ్గవు కాబట్టి మిగులు 19 శాతానికి దిగుతుంది: 1.14 కోట్లు. వాయిదా 1.29. రాబడి 17 శాతం తగ్గితే మిగులు 37 శాతం పోయింది. ఈ పట్టిక లేని అధ్యయనాన్ని వెనక్కి పంపండి. తెరిచిన మొదటి ఏడాదే 70 శాతం రాసినదాన్ని కూడా. స్థిరపడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఆ లోటు మోసే నిధి మొదటి రోజే ఉండాలి.

నగరమే సొంతదారైతే పన్ను మినహాయింపున్న రెవెన్యూ బాండ్లతో (హోటల్ రాబడి నుంచే తీర్చే అప్పు పత్రాలతో) వడ్డీ తగ్గుతుంది, రిస్కు మాత్రం మొత్తం ఊరి మీదకే వస్తుంది. ఇలాంటి బాండ్లున్నప్పుడు నిర్వహణ కంపెనీకి నికర లాభంలో వాటా ఇవ్వకూడదన్న పన్ను నియమం ఉంది. రుసుము ఎలా కట్టారో లాయర్‌తో చూపించుకోండి. డెన్వర్‌లో 2005లో తెరిచిన 1,100 గదుల హయత్ రీజెన్సీ ప్రత్యేక అథారిటీ చేతిలో నడిచింది. బాల్టిమోర్ 30.1 కోట్ల డాలర్ల బాండ్లతో 757 గదుల హిల్టన్ కట్టి 2008లో తెరిచింది. ఆ ఏడాదే ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది, తర్వాత ఏళ్లకేళ్లు నష్టాలు. సెయింట్ లూయిస్‌లో 2003లో తెరిచిన రినైసాన్స్ గ్రాండ్‌ని 2009లో బాండ్లు కొన్నవాళ్లే స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది. డల్లాస్‌లో నగరం హోటల్ సొంతం చేసుకోవచ్చా లేదా అన్నది 2009లో ఓటు దాకా వెళ్లింది, జనం ఒప్పుకున్నారు, 1,001 గదుల ఆమ్నీ 2011లో తెరుచుకుంది.

లోటు వస్తే నగరం సాధారణ ఖజానా నుంచి కట్టాలా అన్న ఒక్క వాక్యం బాండు పత్రాల్లో ఎక్కడుందో పేజీ నంబరుతో సహా అడిగి తెలుసుకోండి. "నైతిక బాధ్యత" అన్న మాట ఉంటే, చట్టం కట్టమనకపోయినా కట్టకపోతే ఊరి రుణ రేటింగ్ దెబ్బతింటుంది.

రూమ్ బ్లాక్ ఒప్పందం చదివేటప్పుడు

ముందు సంఖ్య, శాతం కాదు. "అందుబాటులో ఉన్న గదుల్లో 80 శాతం" అని ఉంటే రిపేర్‌లో ఉన్నవి, ముందే అమ్మినవి తీసేసి చెప్పొచ్చు. "500 గదులు" అని ఉండాలి.

తర్వాత కాలం. నగరవ్యాప్త సదస్సులు మూడు నుంచి ఐదేళ్ల ముందే ఊరిని ఎంచుకుంటాయి. కాబట్టి 30 నెలలకి మించి దూరంలో ఉన్న తేదీల్లో గదులు పర్యాటక బ్యూరోవి, అంతకన్నా దగ్గరపడ్డాక అమ్ముడుపోనివి హోటల్‌కి తిరిగి వెళ్లిపోతాయి అన్నట్టు రాసుకోవాలి. ఈ గడువు 48 నెలలని పెడితే, మూడేళ్ల ముందు వచ్చి అడిగే సదస్సుకి హామీ ఇవ్వలేరు.

ధర కూడా కట్టెయ్యాలి. గదులు ఇస్తామంటూ ఎవరూ కొనలేని రేటు చెబితే ఇవ్వనట్టే. పోటీ హోటళ్లలో గ్రూపులకి పడే సగటు ధరకి ముడిపెట్టిన పరిమితి ఉండాలి, ఏ హోటళ్లతో పోలుస్తారో పేర్లతో సహా. బాల్‌రూమ్ కూడా బ్లాక్‌తో పాటే రావాలి. గదులు సదస్సుకిచ్చి, హాలు పెళ్లికి అమ్ముకుంటే సదస్సు రాదు.

చివరిది, ఎక్కువమంది వదిలేసేది: హోటల్ అమ్ముడైనా, అప్పిచ్చినవాళ్ల చేతికి వెళ్లినా ఈ ఒప్పందం బతికే ఉండాలి. భూమి రికార్డుల్లో నమోదు చేయించాలి, అప్పిచ్చినవాళ్లు దీన్ని గుర్తిస్తామని సంతకం పెట్టాలి. అది లేకపోతే ఊరు పెట్టిన కోట్లకి దక్కిన హామీ తాకట్టు అమ్మకం రోజున పోతుంది. అప్పిచ్చేవాళ్లు మొదట ఒప్పుకోరు. నగరం డబ్బు విడుదలకి ముందు అడిగితే ఒప్పుకుంటారు, తర్వాత అడిగితే చేసేదేమీ లేదు.

కట్టేటప్పుడు మార్పులు

ఖర్చు పెరిగినప్పుడు మొదట కోత పడేది వెనక భాగానికే: సర్వీస్ నడవా రెండడుగులు తగ్గుతుంది, ఒక లిఫ్టు పోతుంది, సీలింగ్ మీది శబ్ద అడ్డు పోతుంది. లాబీ రాయి మాత్రం ఉంటుంది. కోతల జాబితా వచ్చినప్పుడల్లా హోటల్ నడపబోయే కంపెనీ సంతకం లేకుండా ఆమోదించకండి. అంటే నిర్వహణ కంపెనీని డిజైన్ మొదట్లోనే ఎంచుకోవాలి.

మార్పు చిన్నదే అని వదిలేయకూడదు అనడానికి కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీని ప్రతి ప్రాజెక్టు గదిలోనూ గుర్తుచేసుకోవాలి. లాబీలో వేలాడే రెండు నడవాలని ఒకే పొడవాటి ఇనుప కడ్డీల మీద వేలాడదీయాలని గీశారు. కట్టే సౌకర్యం కోసం ఆ కడ్డీని రెండు ముక్కలు చేసి, కింది నడవాని పై నడవాకి తగిలించారు. దాంతో పై నడవా దూలం దగ్గర నట్టు మీద రెండు నడవాల బరువూ పడింది. అసలు గీసిన పద్ధతే కోడ్ అడిగిన బలానికి చాలదు, మార్పుతో భారం రెండింతలైంది. 1981 జులై 17న కూలి 114 మంది చనిపోయారు. వేలాడే నడవా, వంతెన, బాల్‌రూమ్ పైకప్పుకి తగిలించే బరువులు, వీటిలో ఏ జాయింటు మారినా స్ట్రక్చరల్ ఇంజనీర్ కొత్తగా లెక్కేసి కాగితం ఇవ్వాలి. ఫోన్‌లో సరే అనడం చాలదు.

తెరిచే తేదీకి 18 నుంచి 24 నెలల ముందే అమ్మకాల డైరెక్టర్ జీతం బడ్జెట్‌లో ఉండాలి. ఆ పంక్తి చాలాసార్లు "ప్రారంభానికి ముందు ఖర్చులు" కింద ఆరు నెలలకే వేసి ఉంటుంది. అప్పటికి మొదటి రెండేళ్ల సదస్సులు వేరే ఊళ్లకి సంతకాలు పెట్టేసి ఉంటాయి. ముసాయిదా బడ్జెట్ తెరిచి, ఆ పంక్తిలో ఎన్ని నెలలున్నాయో ఇవాళే చూడండి.